వేలిముద్ర వేసే ముందు

శింగనమల చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు బెంగుళూరు. మా వైపు ఈ లెక్క బడిపిల్లలకు కూడా తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లా ఇది. ఆ కాస్తా శెనక్కాయ ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తే, ఇంట్లో కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా మూట కట్టుకుంటారు. మిగిలేది అవ్వ, తాత, ఒకరిద్దరు మనవళ్లు, తాళాలు వేసిన గదులు.

ఇల్లు లేని ముసలివాళ్లు అనగానే పట్నంలో ఫుట్‌పాత్ గుర్తొస్తుంది. పల్లెలో ఆ పని మెల్లగా, చప్పుడు లేకుండా జరుగుతుంది. ముందు నడింట్లో మంచం పడసాలలోకి వస్తుంది. కోడలి పురుడనో, కొత్త బీరువాకు చోటు చాలదనో పడసాల నుంచి పశువుల కొట్టంలోకి పోతుంది. కొట్టంలోంచి మంచం కదలదు గానీ మనిషి కూతురి ఊరికి కదులుతుంది. అక్కడ అల్లుడి మొహం చూసి నాలుగు నెలలకు మళ్లీ బయల్దేరుతుంది. ఆ తర్వాత బస్టాండు, గుడి మెట్లు, ఆస్పత్రి వరండా. ఇన్ని మెట్లలో ఎక్కడా ఎవరూ ‘బయటికి పో’ అని నోరు తెరిచి అనరు.

అమెరికాలో అరవై దాటాక మొదటిసారి రోడ్డున పడ్డవాళ్ల కథల్లో పెరిగిన అద్దె, జత మనిషి పోవడం, ఆస్పత్రి ఖర్చు వినబడతాయి. మన దగ్గర బాడుగ ఇంట్లో బతికే ముసలివాళ్లు తక్కువ. సొంత ఇల్లు ఉండి కూడా వీధిన పడతారు. వెళ్లగొట్టిన రోజున ఆ ఇల్లు పోదు, ఎప్పుడో నాలుగేళ్ల కిందట వేలిముద్ర పడిన రోజునే పోయి ఉంటుంది. అందుకే కింద చెప్పే జాగ్రత్తల్లో పెద్ద భాగం కాగితం గురించే. మిగతాది మిద్దె గురించి, వంతుల గురించి.

కాగితం దగ్గర

మొదట వీలునామాకూ దానపత్రానికీ తేడా తెలుసుకోండి. ఇదొక్కటి తెలిసినా సగం ఇళ్లు నిలబడతాయని నా నమ్మకం. వీలునామా మీరు బతికి ఉన్నన్నాళ్లూ మీ చేతిలోని కాగితం. ఇద్దరు సాక్షులుంటే చాలు, స్టాంపు ఖర్చు లేదు. రిజిస్టరు చేయించినా మనసు మారితే రద్దు చేసి ఇంకొకటి రాసుకోవచ్చు. దానపత్రం, అదే మన వాళ్లు సెటిల్మెంటు అనేది, అట్లాంటిది కాదు. అది రిజిస్టరయి పిల్లల చేతికి పోతే ఇల్లు వాళ్లదైపోయినట్టే. మీరు అందులో ఉన్నా వాళ్ల దయ మీద ఉన్నట్టే లెక్క. మళ్లీ మీ ఇష్టం కొద్దీ రద్దు చేసుకోలేరు.

‘ఎట్లాగూ వాళ్లకే కదా, ఇప్పుడే రాసిచ్చేస్తే పోలా’ అనే మాట రచ్చకట్ట దగ్గర రోజూ వింటాం. వాళ్లకే ఇవ్వండి. మీరు పోయాక అందేలా ఇవ్వండి. తొందర పెట్టేవాళ్లకు వీలునామా చూపించండి. దానితో తృప్తి పడని కొడుక్కి మీ ఇల్లు ఎప్పుడు కావాలో మీకే అర్థమవుతుంది.

ఏ కాగితమైనా చదివించుకుని వినకుండా వేలిముద్ర వేయకండి. చదివేది ఆ ఇల్లు రాయించుకునే మనిషి కాకూడదు. బడి పంతులో, సచివాలయం ఉద్యోగో, చదువుకున్న మనవరాలో, ఎవరైనా సరే. ‘లోనుకు సాక్షి సంతకం’ అని చెప్పి రిజిస్టరు ఆఫీసు మెట్లెక్కించడం కొత్త విద్యేమీ కాదు. అక్కడ సబ్ రిజిస్ట్రారు ‘నీ ఇష్టంతోనే రాసిస్తున్నావా పెద్దాయనా’ అని అడుగుతాడు. దాన్ని లాంఛనం అనుకుని తలాడించకండి. అక్కడ మీరు ‘నాకు తెలియదు, నేను రాయలేదు’ అన్నారంటే ఆ దస్తావేజు రిజిస్టరు కాదు. చట్టం మీకిచ్చిన ఆఖరి గుమ్మం అది. కొడుకు కోపం ఆ రాత్రికి ఉంటుంది. ఇల్లు మాత్రం మిగులుతుంది.

తప్పనిసరిగా బతికుండగానే రాసివ్వాల్సి వచ్చిందనుకోండి. ఆడబిడ్డ పెళ్లి అనో, అన్నదమ్ముల భాగపరిష్కారం అనో. అప్పుడు రెండు మాటలు కాగితంలోనే ఉండాలి. ఒకటి, ఫలానా గది, వంటిల్లు, దారి మేమిద్దరమూ కడదాకా అనుభవిస్తాము అన్నది. రెండు, తిండి, వైద్యం, బాగోగులు చూడాలన్న షరతు మీదనే ఇది ఇస్తున్నాము అన్నది. దస్తావేజు లేఖరి ‘అవన్నీ ఎందుకు లేవ్వా, ఇంట్లో మాటలు కదా’ అంటాడు. ఆ మాటలకే విలువ ఉందని రెండు కేసులు చెబుతాయి.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చినప్పుడు, తీసుకున్నవాళ్లు చూసుకోకపోతే ఆ దస్తావేజు చెల్లదని ట్రిబ్యునల్ తేల్చవచ్చు. 2022 డిసెంబరులో ఒక తల్లి కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అట్లాంటి షరతు ఒకటుందని ఆమె చూపలేకపోయింది, ఓడిపోయింది. మధ్యప్రదేశ్‌లో ఇంకో తల్లి 2019 సెప్టెంబరులో కొడుక్కి దానపత్రం రాసింది. అదే రోజు కొడుకు వేరే కాగితం మీద, కడదాకా చూసుకుంటానని, చూసుకోకపోతే దానం వెనక్కి తీసుకోవచ్చని రాసిచ్చినట్టు ఆమె చూపింది. ఆ కాగితం నకిలీదన్నాడు కొడుకు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఆ దానాన్ని రద్దు చేసింది. ఫిబ్రవరి నెలాఖరులోగా ఆస్తి తల్లికి అప్పగించమంది. ఈ చట్టాన్ని ముసలివాళ్ల వైపు నిలబడి చదవాలి అని కూడా చెప్పింది. ఒక తల్లికి ఇల్లు దక్కించిందీ, ఇంకో తల్లికి దక్కకుండా చేసిందీ నాలుగు వరుసల షరతే.

ఇంకొన్ని చకచకా చెప్పేస్తాను. డీకేటీ పట్టా, అంటే సర్కారు ఇచ్చిన అసైన్డు స్థలం కాగితం, ఎవరి దగ్గరా తాకట్టు పెట్టకండి. అసైన్డు స్థలాల అమ్మకం, కొనుగోళ్ల మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది, తర్వాతి సవరణలు గడువులు మార్చాయి. కాబట్టి తెల్ల కాగితం మీద ‘అమ్మేశాను’ అని రాయించుకునేవాడు మీకు మేలు చేయడం లేదు. గ్రామకంఠంలో ఇల్లయితే పన్ను రసీదులు, కరెంటు బిల్లు మీ పేరు మీదనే ఉండేలా చూసుకోండి. కొడుకు పేరుకు మార్చడం సులభమే, మళ్లీ వెనక్కి తెచ్చుకోవడమే కష్టం. భర్త పోయిన అవ్వలు ‘మాదేముంది, మగపిల్లల ఆస్తి’ అనకండి. వీలునామా రాయకుండా ఆయన పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో భార్యకూ కొడుక్కూ కూతురికీ వాటా సమానం. కొడుకు ముందుగా పోతే అతని ఆస్తిలో తల్లికీ అంతే వాటా.

కొత్తగా ఇల్లు వస్తున్నవాళ్లకు ఒక్క మాట. అనంతపురంలో 1969 నుంచి పని చేస్తున్న ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ తాను కట్టించే ఇళ్లను ఆడవాళ్ల పేరు మీద ఇస్తుంది. దీన్ని మొదట్లో ఎగతాళి చేసినవాళ్లను నేను ఎరుగుదును. మొగుడు తాగి ఇల్లు అమ్మలేడు, కొడుకు అమ్మ చేత రాయించుకోవడానికి ఇంకో తరం పడుతుంది. ఆ మధ్య కాలం ఒక ముసలితనానికి సరిపోతుంది.

వంతుల దగ్గర

ముగ్గురు కొడుకులుంటే నెలకొకరి ఇల్లు. మా వైపు ఇది పరువైన ఏర్పాటుగానే చెల్లుతుంది. గొడవ 31వ తేదీన వస్తుంది. ‘ముప్పై రోజులకే ఒప్పుకున్నాం’ అని పెద్దకోడలు, ‘ఒకటో తేదీ నుంచి కదా’ అని నడిపి కోడలు. ఆ ఒక్కరోజు అవ్వ జగిలి మీద కూర్చుంటుంది. నవ్వొచ్చే విషయమే, ఆ రోజు ఆమె స్థానంలో మనం లేము కాబట్టి.

వంతు పెట్టుకునేటప్పుడు రోజులు కాదు, తేదీలు మాట్లాడుకోండి. రోగం వచ్చినప్పుడు వంతు మారకూడదనీ, ఎవరింట్లో పడుకుంటే వాళ్లే ఆస్పత్రికి తీసుకుపోవాలనీ, ఖర్చు ముగ్గురిదీ అనీ పెద్దమనుషుల ముందు అనిపించుకోండి. భార్యాభర్తల్ని చెరో కొడుకు దగ్గర పెట్టే ఏర్పాటుకు ఒప్పుకోకండి. ఇద్దరూ ఒకచోట ఉంటే ఒకరి మాత్ర ఇంకొకరు గుర్తు చేస్తారు, రాత్రి బాత్‌రూముకు లేస్తే చేయి పట్టుకుంటారు. విడదీస్తే ఇద్దరూ తొందరగా దెబ్బతింటారు.

మీ మిద్దెకు తాళం వేసి చెవి కొడుక్కిచ్చి వంతులకు పోకండి. ఒక గది, ఒక పొయ్యి, నెలకు నాలుగు రోజులు దీపం. మనుషులున్న ఇల్లు అని ఊరికి తెలియాలి.

ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికి తెచ్చి ఇస్తాడు. ఆ డబ్బు మీ చేతిలో లెక్కపెట్టుకోండి. అందులోంచి ఇంటికి ఇవ్వండి, మనవడికి బిస్కెట్లు కొనండి. కానీ పింఛను మొత్తం తీసుకుని తిండి పెట్టే పద్ధతి ఒకసారి మొదలైతే, పింఛను రాని నెల తిండి కూడా వంతుకు వస్తుంది. ఏటీఎం కార్డు, రహస్య నంబరు రెండూ ఒకే మనిషికి ఇవ్వకండి.

బెంగుళూరుకు పిలుస్తున్నారా? పోండి, కానీ మొదటిసారి నెల రోజులకే పోండి. కట్టడం పనిచోట రేకుల షెడ్డులో కొడుకే కాళ్లు ముడుచుకుని పడుకుంటాడు. మీరు వచ్చాక వాడికి కోపం రావడం మీ మీద కాదు, ఆ షెడ్డు మీద. ఇది అర్థం చేసుకోకుండా ఊళ్లో ఇల్లు అమ్మి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేటప్పటికి దిగే చోటు ఉండదు. వెళ్లేటప్పుడు చీర కొంగుకో, చొక్కా లోపలి జేబుకో ఒక గుడ్డముక్క కుట్టించుకోండి. దాని మీద ఊరి పేరు, మండలం, రెండు ఫోన్ నంబర్లు చెరగని సిరాతో రాయించండి. మతిమరుపు మొదలైన వాళ్లకు ఇది మందుల కంటే ముందు. కన్నడం రాని, ఊరి పేరు తడబడే తాత పెద్ద బస్టాండులో తప్పిపోతే ఆ గుడ్డముక్కే ఆయన నోరు.

మిద్దె కింద

కరువు సీమలో ఇల్లు వానకు కూలుతుందంటే బయటివాళ్లు నమ్మరు. 2021 నవంబరు వానలకు కదిరిలో రాత్రి పూట భవనం కూలి ప్రాణాలు పోయాయి. 2022 అక్టోబరులో అనంతపురం నడిమి వంక కాలనీల్లోకి వచ్చింది. మట్టి మిద్దెల సంగతి పేపర్లో ఒక మూలనే పడుతుంది. మిద్దె మీద చవుడు ఎండినప్పుడు మోయగలిగే దంతెలు, మూడు రోజుల ముసురుకు నానిన చవుడును మోయలేవు. కాపురం ఉన్న మిద్దె కంటే తాళం వేసిన మిద్దె ముందు కూలుతుంది, ఎందుకంటే దోనె పూడుకుపోయిందని చూసేవాళ్లు ఉండరు. ఆ పక్క గదిలో అవ్వ పడుకుని ఉంటుంది.

ముంగారు వానలకు ముందే దోనెలు శుభ్రం చేయించండి, మిద్దె మీద మొలిచిన గడ్డి పీకించండి. చేయించండి అంటున్నాను, మీరు నిచ్చెన ఎక్కకండి. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత ఇల్లు ఉన్నా లేనట్టే. ఉరుస్తోంది కదా అని పాత చవుడు మీదనే కొత్త చవుడు ఏటేటా వేయించకండి. బరువు పెరుగుతుంది. పాతది కొంత తీయించి వేయాలి. దూలం గోడలో దిగే చోట చెదలు పట్టిందేమో కొడవలి మొనతో గుచ్చి చూడమనండి.

రాత్రిపూట పైనుంచి సన్నగా మన్ను రాలడం, తలుపు ఉన్నట్టుండి బిగుసుకోవడం, గోడ కడుపు పెట్టడం, మూలన చీలికలో వేలు దూరడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ గదిలో పడుకోకండి. వాన వెలిసింది కదా అని వెంటనే తిరిగి వెళ్లకండి. నానిన గోడ ఎండ కాసిన మర్నాడు కూడా కూలుతుంది. రెండు మూడు రాత్రులు బడిలోనో సచివాలయంలోనో ఉండండి. వేరే దారి లేకపోతే మంచం వానకొట్టు గోడకు దూరంగా, దూలం నడిమికి కాకుండా, తలుపు దగ్గర వేసుకోండి. తడిసిన గోడకున్న స్విచ్చి ముట్టుకోకండి.

కూలితే, మన్ను తీసేముందు ఫోటోలు తీయించండి. గోడ, కప్పు, వీధి కనబడేటట్టు. వీఆర్వోకు ఆ రోజే చెప్పండి. నష్టం రాసుకునే దాకా పునాదుల జోలికి పోకండి.

కొట్టంలో పడుకోవాల్సి వచ్చినవాళ్లు నేల మీద పడుకోవద్దు. నులక మంచం, తలకింద టార్చి. కసువు, కట్టెల మోపు మంచానికి ఆనించకండి, పాములూ తేళ్లూ అందులోనే ఉంటాయి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108.

బయటపడ్డ రోజు

కోపంలో ఎక్కిన బస్సు ఎక్కడికి పోతుందో చూడండి. తిరుపతి అయితే దిగండి. దేవుడి దగ్గర పడి ఉంటాననే మాట వినడానికి బాగుంటుంది. అక్కడ మీ పేరు ఎవరికీ తెలియదు, మీ పింఛను ఊళ్లో ఉంటుంది, నెల తిరిగేసరికి ‘ఇంట్లోంచి తానే వెళ్లిపోయింది’ అనే మాట నిలబడిపోతుంది. వీలైనంతవరకు ఊరు వదలకండి. పక్కింట్లో, చెల్లెలి ఇంట్లో, ఎక్కడైనా సరే, మీ ఇల్లు కనబడే దూరంలో ఉండండి.

ఫోన్ ఎవరిదైనా అడిగి 14567కు చేయండి, అది పెద్దవాళ్ల కోసం పెట్టిన నంబరు. కొడుతుంటే 112. ఉచిత న్యాయసాయానికి 15100. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఆ సాయం అందుతుంది. ఉమ్మడిగా బతికిన ఇంట్లోంచి తల్లిని గెంటేస్తే 2005 గృహహింస చట్టం కింద కూడా అక్కడ ఉండే హక్కు అడగవచ్చు.

తర్వాత అనంతపురం ఆర్డీవో. 2007 చట్టం కింద ట్రిబ్యునల్ ఆ స్థాయి అధికారి దగ్గరే నడుస్తుంది. శింగనమల మండలం ఆ డివిజన్ కిందికే వస్తుంది. తెల్ల కాగితం మీద అర్జీ చాలు. మీరు వెళ్లలేకపోతే మీరు చెప్పిన మనిషో, ఒక సంస్థో మీ తరఫున ఇవ్వవచ్చు. కొడుకు, కూతురు, వయసొచ్చిన మనవడు, మనవరాలు వీళ్లెవరి మీదనైనా అడగవచ్చు. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల మీద అడగవచ్చు. తల్లిదండ్రులుగా అడగడానికి అరవై నిండాలన్న నియమం లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. చట్టంలో పోషణ ఖర్చుకు పై పరిమితి నెలకు 10,000. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలుకు పోవచ్చు. పట్టించుకోకుండా వదిలేసినవాళ్లకు మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఈ మాట బెదిరింపుకు వాడకండి, పల్లెలో దానివల్ల తలుపులు ఇంకా గట్టిగా మూసుకుంటాయి. తిండి, గది కావాలనే అడగండి.

ఇంట్లో మాటలు ఇంట్లోనే తేల్చుకుందాం అని పెద్దమనుషులు వస్తే కాదనకండి. కానీ వాళ్లు చెప్పింది కాగితం మీద పెట్టించి, కొడుకుల సంతకాలు తీసుకోకుండా అర్జీ వెనక్కి తీసుకోకండి. ‘నీ కొడుకే కదా’ అన్న పెద్దమనిషి రెండో నెల కనబడడు.

ఎక్కడా నిలవ నీడ లేనప్పుడు సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి వృద్ధాశ్రమంలో చోటు అడగండి. జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి సరిపడేలా పెట్టవచ్చని ఆ చట్టమే రాసింది. పెట్టవచ్చు అని రాసింది, పెట్టాలి అనలేదు. ఆ తేడా ఎంతటిదో బస్టాండు బెంచీలు చెబుతాయి. పట్టణాల్లో లక్ష మందికి ఒక రాత్రి వసతి గృహం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మన మండల కేంద్రాలకు ఆ లెక్క వర్తించదు.

దారిలో కనబడితే

ఏప్రిల్ మధ్యాహ్నం బస్టాండులో ఒంటరిగా పడుకున్న పెద్దమనిషిని తాగి పడ్డాడని అనుకుని దాటిపోకండి. పేరు పెట్టి పిలవలేం కాబట్టి ‘తాతా’ అనండి, భుజం తట్టండి. ఒళ్లు కాలిపోతూ, చెమట లేకుండా, మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి, 108కి చెప్పండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా మజ్జిగో ఉప్పు చక్కెర నీళ్లో తాగించండి.

వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. కొడుకు ఆ వీడియో చూస్తే తీసుకుపోవడానికి రాడు, మొహం దాచుకుంటాడు. ‘కన్నపిల్లలు ఎవరు’ అని మొదటి ప్రశ్న వేయకండి, సగం మంది లేరనే చెబుతారు. ఏ ఊరు, ఒకటో తేదీన పింఛను ఏ సచివాలయం నుంచి వస్తుంది అని అడగండి. పింఛను చోటు చెబితే ఊరు దొరుకుతుంది, ఊరు దొరికితే మనుషులు దొరుకుతారు. డబ్బులిచ్చి ఏదో బస్సెక్కించడం మాత్రం చేయకండి. అన్నం పెట్టి, 14567కు చేసి, వాళ్లు వచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చోండి.

ఇల్లున్న పెద్దవాళ్లు ఈ వారంలో ఒక గుడ్డసంచి కుట్టించుకోండి. ఆధారు, బియ్యం కార్డు, పట్టా నకలు, పన్ను రసీదులు, బ్యాంకు పుస్తకం, మందుల చీటీ, రెండు వందల చిల్లర. పట్టా అసలు కాగితం మాత్రం ఆ సంచిలో పెట్టకండి, అది మీకు నమ్మకమున్న కూతురి ట్రంకుపెట్టెలో ఉండనివ్వండి. సంచిని కొక్కేనికి తగిలించకండి. మంచం పక్కనే, చీకట్లో చేయి చాపితే అందే చోట.